కంకర కొలిచిన బోర్గిల్

స్టెన్‌డాల్ క్వారీలో క్రషర్‌ని ఆనుకుని ఒక రేకుల గది ఉండేది. క్రషర్ తిరుగుతున్నంతసేపూ ఆ గది గోడలూ, బల్లా, బల్ల మీది కాఫీ కప్పూ సన్నగా వణుకుతూనే ఉండేవి. 1946లో పాతికేళ్ళ వయసులో బోర్గిల్ నెస్ట్‌వోల్డ్ ఆ గదిలో రాళ్ళు కొలిచే ఉద్యోగంలో చేరింది. అంతకుముందు ఆ పని చేసిన వాళ్ళెవరూ ఏడాదికి మించి నిలవలేదు. చెవులు దిబ్బళ్ళు పడతాయని ఒకరు, విసుగని ఒకరు వెళ్ళిపోయారు. బోర్గిల్‌కి చప్పుడూ అలవాటే, విసుగూ అలవాటే. తండ్రి తార్యే ఆ రాతినే సుత్తితో చెక్కి రోడ్లకు పలకలు చేసి, ఆ దుమ్మే పీల్చి, ఊపిరితిత్తులు రాయి కట్టి పోయాడు. తల్లి ఆ తర్వాత ఆరేళ్ళు మంచాన ఉంది. ఆ ఆరేళ్ళూ బోర్గిల్ ఇల్లు కదల్లేదు. తల్లి పోయేసరికి ఈడువాళ్ళందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి.

మిన్నెసోటా నైరుతి మూలన నేల కింద ఉన్నది గులాబి రంగు రాయి. ఏనాటి ఇసుకో బిగుసుకుపోయి, ఇనుముని కూడా అరగదీసేంత మొండి రాయయింది. దాన్ని పేల్చి, క్రషర్‌లో వేసి పగలగొట్టి, రైలుపట్టాల కింద పరిచే కంకరగా పంపేవారు. పట్టా కిందికి ఏ రాయి పడితే ఆ రాయి పనికిరాదు. ఏటిలో దొర్లిన గులకరాయి చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గానీ, బండి బరువు పడగానే పక్కకి జారుకుంటుంది. కొత్తగా పగిలిన రాయికి మూలలుంటాయి, పదునైన అంచులుంటాయి. ఒకదాని మూల ఇంకొకదాని సందులో ఇరుక్కుని, అన్నీ కలిసి బండిని మోస్తాయి. అలాగని పగిలినవన్నీ మంచివీ కావు. కొన్ని పెంకుల్లా పలచగా, కొన్ని వేళ్ళలా పొడుగ్గా లేస్తాయి. క్వారీలో వాటిని చిప్పలనేవారు. చిప్ప బరువుకి ఆగదు, పుటుక్కున విరుగుతుంది.

చిప్పలు ఎన్నున్నాయో చెప్పడమే బోర్గిల్ పని. కుప్పలోంచి నాలుగు పారల కంకర తెచ్చి, నేల మీద పరిచి, రొట్టెని కోసినట్టు నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండూ పక్కకి నెట్టేది. మిగిలినదాన్ని మళ్ళీ అలాగే. చివరికి వంద రాళ్ళు బల్ల మీదికి వచ్చేవి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, కత్తెర లాంటి ఇత్తడి కొలబద్దలో ఒక వైపు పొడవు పట్టి, రెండో వైపు మందం దూరుతుందో లేదో చూసేది. మందానికి పొడవు మూడింతలు దాటితే అది చిప్ప. నూటికి ఐదు దాకా రైలు వాళ్ళు ఒప్పుకుంటారు. ఆరు తేలితే ఆ కుప్ప వెనక్కి వెళ్ళాల్సిందే.

వెనక్కి వెళ్ళడమంటే శనివారం కూడా పనికి రావడం. చేపలకి వెళ్దామనుకున్నవాడు రావాలి, పెళ్ళాన్ని డాన్సుకి తీసుకెళ్తానన్నవాడు రావాలి. అందుకని మగాళ్ళు ఆమెకి ‘ఐదమ్మ’ అని పేరు పెట్టారు.

"ఏం ఐదమ్మా, ఇవాళ ఎన్ని?" అని క్రషర్ నడిపే ఓర్విల్ స్కార్ కిటికీలోంచి అరిచేవాడు.

"ఏడు."

"ఆ రెండూ నా జేబులో వేసెయ్యరాదూ! ఎవరు చూడొచ్చారు?"

"నేను చూశాను కదా," అనేది బోర్గిల్.

అందులో పొగరేమీ లేదు. ఆమెకి తోచిన జవాబు అంతే. కానీ ఆ జవాబు మధ్యాహ్నానికల్లా క్వారీ అంతా, సాయంత్రానికి ఊరంతా తిరిగేది. ఆదివారం చర్చి కింది గదిలో కాఫీ దగ్గర ఆమె వచ్చి కూర్చుంటే ఆడవాళ్ళ మాటలు వాతావరణం మీదికి మళ్ళేవి. చలి, మంచు, మొక్కజొన్న. కాసేపటికి ఎవరికో ఏదో పని గుర్తొచ్చేది. బోర్గిల్ కాఫీ తాగి, కప్పు కడిగి పెట్టి, ఇంటికి వచ్చేది. మళ్ళీ సోమవారం పొద్దున ఎవరైనా పలకరించేదాకా తన గొంతు తనకే వినపడేది కాదు.

1957లో కొత్త సూపరింటెండెంట్ వచ్చాడు. పేరు వేన్ కట్లర్. పైవాళ్ళ దగ్గర పెద్ద మాట ఇచ్చి వచ్చినవాడు. తూర్పు నుంచి వచ్చే లైనుని రైలు కంపెనీ బాగుచేస్తోంది. రోజుకి నలభై వ్యాగన్ల కంకర కావాలి. కట్లర్ పేల్చే మనుషుల్ని తగ్గించాడు, క్రషర్ వేగం పెంచాడు, అరిగిన ఇనుప పలకలు మార్చడం వాయిదా వేశాడు. వారం తిరక్కుండానే బోర్గిల్ బల్ల మీద పంతొమ్మిది చిప్పలు తేలాయి. మళ్ళీ నమూనా తీసింది. ఇరవై ఒకటి. మూడోసారి ఇంకో వైపు నుంచి తీసింది. పద్దెనిమిది.

కాగితం పట్టుకుని ఆఫీసుకి వెళ్ళింది.

"క్రషర్ నోరు సగం ఖాళీగా తిరుగుతోంది సార్," అంది. "నోటి నిండా రాయి ఉంటే రాయీ రాయీ ఒరుసుకుని నాలుగు పక్కలా సమంగా పగుల్తాయి. ఖాళీగా ఉంటే ఇనుము దెబ్బకి పెంకులు లేస్తాయి."

కట్లర్ తలెత్తలేదు. "అది నీకెవరు చెప్పారు?"

"పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను."

"చూడమ్మా, అక్కడ పట్టాల కింద రాళ్ళని ఎవరూ కొలబద్ద పెట్టి కొలవరు. రాయి రాయే. కుప్ప బాగుందని సంతకం పెట్టు."

"పెట్టలేనండీ."

"పెట్టలేవా, పెట్టవా?"

బోర్గిల్ కాస్త ఆలోచించింది. "పెట్టను," అంది.

కట్లర్ కాగితం లాక్కుని తనే సంతకం పెట్టాడు. మర్నాటి నుంచి బోర్గిల్‌కి గేటు దగ్గర కాటా గదిలో పని. లారీ వస్తే తూకం రాయాలి, లారీ వెళ్తే తూకం రాయాలి. ఆ గదికి వణుకు లేదు. మొదటి వారం రోజులూ ఆ నిశ్శబ్దానికి ఆమెకి తలనొప్పి వచ్చింది. శనివారం పని లేదు కాబట్టి మగాళ్ళు సంతోషంగా ఉన్నారు. ఓర్విల్ కాటా గది ముందు నుంచి వెళ్తూ టోపీ తీసి, "దేవుడు చల్లగా చూశాడు ఐదమ్మా," అని నవ్వాడు.

చలికాలమంతా ఆ చిప్పల కంకర బళ్ళెక్కి పోయింది.

మంచు కరిగాక, ఏప్రిల్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి ఇంటికి పోకుండా బోర్గిల్ పట్టాల వెంట తూర్పుకి నడిచింది. కోటు జేబులో కొలబద్ద ఉంది. క్వారీ వాళ్ళది కాదు. తండ్రి పనిముట్ల పెట్టెలో దొరికిన దాన్ని ఆమే సరిచేసుకుంది. రెండు మైళ్ళు వెళ్ళాక పట్టా పెద్ద వంపు తిరుగుతుంది. అక్కడ గులాబి కంకర కొత్తగా మెరుస్తోంది. మోకాళ్ళ మీద కూర్చుని, పైరాళ్ళు పక్కకి తోసి, పట్టాల కింద అడ్డంగా వేసిన దుంగ కింది రాళ్ళు బయటికి లాగింది. సగం విరిగిపోయి ఉన్నాయి. విరిగిన ముక్కల మూలలు ఒకదానికొకటి రాసుకుని మొద్దుబారాయి. కింద ఎర్రటి పొడి, నీళ్ళతో కలిసి బురదైంది. ఆమె రాళ్ళని పది పదిగా వరసలు పెట్టడం మొదలుపెట్టింది.

"ఏవండీ! అమ్మగారూ! ఆ రాళ్ళు రైలువాళ్ళవి!"

వంపు అవతలి నుంచి ఒక మనిషి వస్తున్నాడు. పొట్టిగా, వెడల్పు భుజాలతో, చేతిలో పొడుగాటి గునపంతో. పట్టాలు బాగుచేసే గ్యాంగుకి మేస్త్రీ, కాసిమిరో బెనవీదెస్. టెక్సస్ నుంచి వచ్చిన మెక్సికన్. భార్య పోయి నాలుగేళ్ళు. గ్యాంగు మనుషులతో పాటు సైడింగులో, అంటే పక్క పట్టా మీద, నిలిపిన రైలుపెట్టెలో కాపురం. ఊళ్ళోవాళ్ళు అతన్ని దూరం నుంచి చూడ్డమే గానీ ఎవరూ పలకరించినవాళ్ళు లేరు.

"తీసుకుపోవడం లేదండీ, కొలుస్తున్నాను," అంది బోర్గిల్ లేవకుండానే.

"కొలుస్తున్నారా? ఆదివారం పూటా?"

"మిగతా రోజులు పనికి పోవాలిగా."

అతను గునపం ఆనించి నిలబడ్డాడు. "మంచు కరిగిన దగ్గర్నుంచి ఈ వంపుని నాలుగుసార్లు ఎత్తానండి. ఎత్తిన వారానికల్లా మళ్ళీ కుంగుతుంది. కింద మట్టి చెడిందని మా పైవాళ్ళంటారు. నేను తవ్వి చూశా. మట్టి రాయిలా ఉంది."

"చెడింది మట్టి కాదు," అని బోర్గిల్ ఒక చిప్ప తీసి అతని చేతిలో పెట్టింది. "విరవండి."

"రాయిని చేత్తోనా?"

"ఆ పట్టా మీద పెట్టి బూటుతో తొక్కండి."

తొక్కాడు. టప్పుమని రెండైంది. ఇంకో రాయి, నాలుగు మూలలూ సమంగా ఉన్నది, ఇచ్చింది. తొక్కితే కాలు నొప్పెట్టింది తప్ప రాయి కదల్లేదు. కాసిమిరో ఒంటికాలి మీద గెంతుతూ నవ్వాడు. "ముందే చెప్పకూడదుటండీ!"

బోర్గిల్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆమెకే కొత్తగా వినిపించింది.

ఆ తర్వాత ఏడు ఆదివారాలు ఇద్దరూ ఆ వంపు దగ్గర కలిశారు. ప్రతి ముప్పై దుంగలకీ ఒకచోట వంద రాళ్ళు. ఆమె కొలిచేది, అతను రాసేవాడు. మూడో ఆదివారానికి అతనూ కొలవడం నేర్చాడు. మధ్యాహ్నం ఆమె బంగాళాదుంప రొట్టె తెచ్చేది, అతను చిక్కుడుగింజల కూర చుట్టిన మొక్కజొన్న రొట్టె తెచ్చేవాడు.

"మీ రొట్టెలో కారం లేదండీ," అనేవాడు.

"మీ రొట్టెలో రొట్టె లేదు, అంతా కారమే."

"అలాగైతే రెండూ కలిపి చుట్టుకుందాం." చుట్టుకుని తిన్నారు. ఏమంత బాగా లేదు. ఆ మాట ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.

పరాయి మగాడితో, అందులోనూ మెక్సికన్‌తో, అందులోనూ ఆదివారం పూట పట్టాల మీద కూర్చుంటోందని ఊరు గుసగుసలాడింది. ఆ గుసగుస ఆమెదాకా రాలేదు. ఆమెదాకా తెచ్చేంత చనువు ఊళ్ళో ఎవరికీ లేదు.

జూన్‌లో కాసిమిరో ఆ లెక్కలన్నీ తన పైఅధికారికి పంపాడు. అధికారి స్వయంగా వచ్చి, తవ్వించి, చూశాడు. ఆ రోజే క్వారీకి తంతి వచ్చింది: కంకర ఆపండి, పరిచింది వెనక్కి తీసుకుని మంచిది ఇవ్వండి. క్రషర్ మూడు వారాలు ఆగింది. ఇనుప పలకలు మార్చేదాకా అరవై మంది జీతాల్లేకుండా ఇళ్ళలో కూర్చున్నారు. కట్లర్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. కానీ ఊరి కోపం కట్లర్‌తో పోలేదు.

ఒక పొద్దున బోర్గిల్ తలుపు తీస్తే గడపలో అడుగెత్తు కంకర పోసి ఉంది. పక్కింటావిడ కర్టెన్ వెనక నుంచి చూస్తోంది. బోర్గిల్ లోపలికి వెళ్ళి కొలబద్ద తెచ్చి, మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే కొలిచి, బకెట్లో వేసింది. మరుసటి ఆదివారం ఆ సంగతి కాసిమిరోకి చెప్పింది.

"మూడు వందల పన్నెండు రాళ్ళు. అందులో చిప్పలు నూట నలభై."

అతను ముందు పగలబడి నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి ఆపేశాడు. "ఏడ్చారా?" అన్నాడు.

"కొలిచాక," అంది బోర్గిల్.

సెప్టెంబరులో ఆమెని మళ్ళీ రేకుల గదికి పంపారు. కొత్త సూపరింటెండెంట్ నెమ్మదస్తుడు. ఆమె కాగితం మీద ఏం రాస్తే అదే ఖాయం. క్రషర్ నోటి నిండా రాయి వేసి నడిపేసరికి చిప్పలు నాలుగుకి, మూడుకి దిగాయి. శనివారాలు మిగిలాయి. అయినా కిటికీలోంచి అరవడం ఓర్విల్ మానేశాడు. ఆ అరుపు కోసం తను ఎదురుచూసేదని బోర్గిల్‌కి అప్పుడు తెలిసింది.

అక్టోబరులో కాసిమిరోకి వయోమింగ్ బదిలీ వచ్చింది. చివరి ఆదివారం వంపు దగ్గర చలిగాలి కొడుతోంది. కొలవడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరూ ఉత్తినే నడిచారు.

"మంగళవారం మా పెట్టెని బండికి తగిలిస్తారు," అన్నాడతను. "అక్కడంతా కొండలటండి. పట్టా పక్కనే కొండ పగిలి రాళ్ళు పడుతుంటాయట. వాటిని కొలిచే మనిషి అక్కడ ఎవరూ లేరు."

"మా కంకర అంత దూరం రాదు," అంది బోర్గిల్. "అక్కడ వాళ్ళ గ్రానైటే వాడతారు. గ్రానైట్ బాగానే పగులుతుంది. చిప్పలు తక్కువ."

అతను దారిలో పడి ఉన్న రాయిని బూటుతో పట్టా కిందికి నెట్టాడు. "అవునండీ. బాగానే పగులుతుందని విన్నాను," అన్నాడు. చెయ్యి చాపాడు. చేతిలో చెయ్యి కలిపి, ఆమె ఇంటికి వచ్చింది.

బూట్లు విప్పుతూ ఉండగా ఒక బూటు చేతిలోనే ఆగిపోయింది. అతను అడిగింది గ్రానైట్ సంగతి కాదు.

మంగళవారం ఇంకా రాలేదు. సోమవారం రోజంతా ఉంది. సైడింగు క్వారీ గేటు నుంచి అర మైలు. మధ్యాహ్నం భోజనం వేళ పోయి రావచ్చు. సోమవారం మధ్యాహ్నం బోర్గిల్ కోటు తొడుక్కుంది. పోయి ఏమని చెప్పాలి? "నిన్న నాకు అర్థం కాలేదు" అనాలా? ఒకవేళ అతను నిజంగా రాళ్ళ గురించే అని ఉంటే? కోటుతోనే కూర్చుని రొట్టె తిని, కోటు విప్పి, వంద రాళ్ళు కొలిచింది. మంగళవారం పొద్దున అతని పెట్టె తగిలించిన బండి కిటికీ ముందు నుంచే వెళ్ళింది. ఆమె అరవై మూడో రాయి దగ్గర ఉంది. అంకె తప్పి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

క్రిస్మస్‌కి అతని దగ్గర నుంచి కార్డు వచ్చింది. రెండే వాక్యాలు: ఇక్కడ మంచు ఎక్కువ, గ్రానైట్ గురించి మీరు చెప్పింది నిజం. మరుసటి ఏడాదీ ఒకటి వచ్చింది. ఆమె జవాబులు ఎన్నో రాసింది, పొట్టివి రెండు పంపింది.

1960 జూన్‌లో ఆమె పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి వారం రోజులు సెలవు పెట్టింది. కొత్త టోపీ కొనుక్కుంది. ఫలానా రోజు మీ ఊరి మీదుగా వెళ్తున్నానని కార్డు రాసి, బండెక్కింది.

స్టేషనులో కాసిమిరో నిలబడి ఉన్నాడు. పక్కన పూల గౌను వేసుకున్న ఒక ఆడమనిషి, ఆమె గౌను అంచు పట్టుకుని ఇద్దరు ఆడపిల్లలు.

"నా భార్య యులాలియా," అన్నాడతను. "వీళ్ళు ఆమె పిల్లలు. మొన్న మార్చిలో పెళ్ళి... మీకు రాద్దామనుకున్నానండీ. ఎలా రాయాలో తెలియలేదు."

"చాలా సంతోషం," అంది బోర్గిల్. అని, ఇంకోసారి కూడా అంది.

యులాలియా మంచి మనిషి. ఇంటికి తీసుకెళ్ళి, బోర్గిల్ పళ్ళేన్ని ఖాళీ కానివ్వలేదు. "మీ గురించి ఈయన చెప్పని రోజు లేదు. ఎత్తుకుంటే రాళ్ళ కథే! మా దగ్గర నాలుగు రోజులుండండి అక్కా," అంది.

"లేదమ్మా. నేను కొండలు చూడ్డానికి బయల్దేరాను. ఇక్కడ మధ్యలో దిగానంతే."

ఆ అబద్ధం ఆడాక దాని వెంట పోక తప్పలేదు. సాయంత్రం బండికి ఇంకా పడమటికి వెళ్ళి, పేరు కూడా చూసుకోకుండా ఒక చిన్న ఊళ్ళో దిగి, హోటల్లో గది తీసుకుంది. మర్నాడు పొద్దున కిటికీ ఎదురుగా నిజంగానే కొండ ఉంది. చేసేదేమీ లేక దాని దగ్గరికి నడిచింది.

కొండ వాలు కింద, చలికి పగిలి రాలిన రాళ్ళు గుట్టలుగా పడి ఉన్నాయి. కత్తుల్లాంటి అంచులు. ఆ గుట్ట అడుగు నుంచి ఒక వాగు పారుతోంది. బోర్గిల్ వాగు ఒడ్డునే కిందికి నడిచింది. ప్రతి నూరడుగులకీ వంగి, చేతికందిన పది రాళ్ళు తీసి, వెంట తెచ్చుకున్న కొలబద్దతో కొలిచింది. మొదట మూలలు వేలిని కోసేలా ఉన్నాయి. అర మైలు దాటేసరికి మూలలు మొద్దుబారాయి. వంతెన దగ్గరికి వచ్చేసరికి ముఖాలింకా బల్లపరుపుగానే ఉన్నాయి గానీ, అంచులన్నీ నున్నగా తిరిగాయి. పగిలిన రాయి పొడవూ మందం మాత్రం అంత తొందరగా మారవని, పుట్టినప్పుడు చిప్ప అయింది వాగు పొడుగునా చిప్పగానే ఉంటోందని ఆమె గమనించింది. హోటల్ కాగితాల మీద ఆ అంకెలన్నీ రాసుకుంది. ఏడుపొచ్చినప్పుడు ఒడ్డున కూర్చుని ఏడ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి కళ్ళు తుడుచుకునే తొందర కూడా లేకపోయింది. రెండో రోజు వంతెన దాటి ఇంకో మూడు మైళ్ళు వెళ్ళింది. మూడో రోజు ఇంటిదారి పట్టింది.

తిరిగొచ్చిన శనివారం ఓర్విల్ భార్య యోర్డిస్ స్కార్ తలుపు తట్టింది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె. అంతకుముందు ఆమె ఎన్నడూ ఆ గడప తొక్కలేదు.

"ఎక్కడికో వెళ్ళారటగా," అంది గుమ్మంలోనే నిలబడి. "వారం రోజులూ మీ గదిలో ఇంకొకాయన కూర్చున్నాడు. ఏ కుప్ప చూపించినా బాగుందన్నాట్ట. మా ఓర్విల్‌కి నచ్చలేదు. ‘ఐదమ్మ అయితే ఇలా చెయ్యదు’ అని ఇంట్లో ఒకటే గొణుగుడు. మీకు చెప్పొద్దన్నాడనుకోండి."

"లోపలికి రండి," అంది బోర్గిల్. కాఫీ పెట్టింది.

"ఇంతకీ ఏం చూశారక్కడ?"

"కొండలు."

"ఎలా ఉన్నాయేంటి?"

బోర్గిల్ ఒక్క మాటతో సరిపెడదామనుకుంది. కానీ యోర్డిస్ మోచేతులు బల్ల మీద ఆనించి, చూస్తూ కూర్చుంది. బోర్గిల్ లేచి హోటల్ కాగితాలు తెచ్చింది. కొండ దగ్గర రాయి ఎలా ఉందో, వంతెన దగ్గర ఎలా అయిందో చెప్పడం మొదలుపెట్టింది. యోర్డిస్‌కి సగం అర్థం కాలేదు. అయినా, "మరి ఆ పలచటివి? అవి గుండ్రమవ్వవా?" అని అడిగింది.

"అంచులు అరుగుతాయి. గుండ్రం మాత్రం అవ్వవు."

"మా అత్తగారి లాగా," అంది యోర్డిస్. ఇద్దరూ నవ్వారు.

కాసిమిరో పేరు బోర్గిల్ ఆ రోజు ఎత్తలేదు, ఆ తర్వాతా ఎత్తలేదు. యోర్డిస్ అడగలేదు. వెళ్ళేటప్పుడు గిన్నె కోసం మళ్ళీ గురువారం వస్తానంది. గురువారం నిజంగానే వచ్చింది. గిన్నె మాత్రం మర్చిపోయి వెళ్ళింది.